మొదటి ఫోన్ మనకే వస్తుంది

శ్రీకాకుళంలోనో, బొబ్బిలి పక్క పల్లెలోనో రెండున్నరేళ్ళ పిల్లవాడికి ఇంకా మాటలు రాలేదనుకోండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. వేలు పెట్టి ఏదీ చూపించడు. కావలసింది ఉంటే అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళతాడు. ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. వస అరగదీసి నాలుక మీద రాస్తారు, దిష్టి తీస్తారు. “మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ళ మావయ్యకి ఐదేళ్ళొచ్చే దాకా మాటే లేదు” అంటుంది నాయనమ్మ. ఆ తర్వాత, డాక్టరు కన్నా ముందు, అమెరికాలో ఉన్న అక్కకో మేనమామకో వాట్సాప్ కాల్ వస్తుంది. “నువ్వక్కడున్నావు కదా, నీకు తెలుస్తాది. ఏటిది?”

ఆ ఫోన్ ఎత్తేవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళే. అందుకే నేను చెప్పదలచుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఉత్తరాంధ్రలో ఇలా ఆటిజం (మాట, నలుగురితో కలవడం వేరే తీరులో ఎదగడం) ఉన్న పిల్లల కోసం అమెరికాలోని మన తెలుగు సంఘాలు డబ్బు పెట్టదలిస్తే, ఒక్కరోజు వైద్య శిబిరాల మీద పెట్టవద్దు. నమ్మదగ్గ సమాచారం తెలుగులో తయారు చెయ్యడానికి పెట్టండి. ఆ సమాచారంతో తల్లిదండ్రుల పక్కన నిలబడే మనిషిని జిల్లాకి ఒకరినైనా ఏళ్ళ తరబడి జీతమిచ్చి నిలపండి.

కంటి శిబిరం పెడితే శుక్లం తీస్తారు, మనిషి చూపుతో ఇంటికెళతాడు. దాని మేలు దానిది. ఆటిజం అలా ఒక పూటలో తేలేది కాదు. శిబిరంలో ఒక డాక్టరు పది నిమిషాలు చూసి “ఆటిజంలా ఉంది” అని చీటీ మీద రాసిచ్చి, సాయంత్రానికి విమానమెక్కేస్తే, ఆ రాత్రి నుంచి ఆ తల్లి ఎవరిని అడగాలి?

మా అబ్బాయికి ఆటిజం. ఇక్కడ అమెరికాలోనే పుట్టాడు. మూడేళ్ళ లోపు పిల్లల కోసం ఇక్కడ ఎర్లీ ఇంటర్వెన్షన్ అని, ఎదుగుదలలో తేడా ఉంటే ముందుగానే సాయపడే ఏర్పాటు ఉంది. డాక్టరు చీటీ లేకపోయినా తల్లే ఫోన్ చెయ్యవచ్చు, పరీక్షలకి డబ్బు కట్టక్కర్లేదు, 45 రోజుల్లోగా మనతో కూర్చుని ప్రణాళిక రాయాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. మూడేళ్ళు నిండాక బాధ్యత స్కూలు డిస్ట్రిక్టుది. ఆచరణలో జాప్యాలు ఎన్ని ఉన్నా, తలుపు ఎక్కడుందో తెలుసు. (వీసా మీద ఉన్న కొత్త జంటలు కొందరు ఇది బయటపడితే ఏమవుతుందోనని భయపడి ఊరుకుంటున్నారు. దయచేసి ఊరుకోకండి.)

మా పిన్ని కూతురిది పలాస పక్క ఊరు. వాళ్ళ పాపకీ ఆటిజమేనని విశాఖలో చెప్పారు. చేతికిచ్చిన రిపోర్టు మొత్తం ఇంగ్లీషు. వారానికి రెండుసార్లు థెరపీకి రమ్మన్నారు. ముప్పావుగంట థెరపీ కోసం తెల్లవారుజామున రైలెక్కితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. మా మరిదికి ఆ రోజు కూలి పోయినట్టే. కొన్ని నెలలయ్యాక మానేశారు. మానేసినందుకు మా చెల్లిని తప్పుపట్టినవాళ్ళున్నారు గానీ, ఇంటి దగ్గర ఏం చెయ్యాలో ఆమెకి తెలుగులో చెప్పినవాళ్ళు లేరు.

చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. గ్రామ సచివాలయంలో స్లాట్ తీసుకుని సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో ధ్రువీకరించే పత్రం) తెచ్చుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకి 6,000 రూపాయల పింఛనుకి దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఖర్చు భరిస్తుంది, అందులో థెరపీ కూడా వస్తుంది. ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీ పిల్లలని ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి, ఎదుగుదలలో తేడా కనబడితే జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల్ని చూసే కేంద్రానికి (డీఈఐసీ) పంపాలి. పద్దెనిమిదేళ్ళు నిండాక సంరక్షకుల్ని నియమించడానికి కలెక్టరు అధ్యక్షతన కమిటీ కూడా ఉంది. ఇవన్నీ ఒక్కచోట, ఒక్క కాగితం మీద, చదువుకోగల తెలుగులో రాసి ఉండగా నేను చూడలేదు. మా చెల్లికి భవిత కేంద్రం సంగతి చెప్పింది ఆశా కార్యకర్త, అదీ వేరే పని మీద ఇంటికొచ్చినప్పుడు.

సరైన మాట అందని చోట తప్పుడు మాట చాలా వేగంగా అందుతుంది. టీకాల వల్ల వచ్చిందంటారు. ఆ మాటకి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చు వేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. పాలు, గోధుమలు మానిపిస్తే తగ్గిపోతుందంటారు. అసలే నాలుగు రకాలు తప్ప ముట్టని పిల్ల నోటి దగ్గర నుంచి పెరుగన్నం కూడా తీసేస్తారు. స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స పేరు చెప్పి లక్షలు అడిగేవాళ్ళున్నారు, దాని కోసం పొలం బేరం పెట్టినవాళ్ళున్నారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చెయ్యదగ్గది కాదని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చి చెప్పింది. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది, “తల్లి ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది, అందుకే ఇలా అయింది” అనే మాట. ఫోన్ తగ్గించడం ఏ పిల్లలకైనా మంచిదే. కానీ ఆటిజం పుట్టుకతో వచ్చే ఎదుగుదల తీరు, అందులో జన్యువుల పాత్ర పెద్దది. తల్లి చేసిన నేరం ఇందులో లేదు. ఈ వీడియోలని ఫార్వర్డ్ చేసేవాళ్ళలో మనమూ ఉన్నాం కాబట్టి ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను.

ఇంకో సలహా ఇక్కడా అక్కడా ఒకేలా వినిపిస్తుంది. “రెండు భాషలైతే తికమక పడతాడు, ఇంగ్లీషే మాట్లాడండి” అని. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాటలు వెనకబడతాయని పరిశోధనల్లో తేలలేదు. తల్లికి బాగా వచ్చిన భాషలోనే లాలన, కోపం, ఆట సహజంగా వస్తాయి. పలాస పాపకి యాపిల్ బొమ్మల కార్డులు చూపించి ఇంగ్లీషులో పేర్లు చెప్పించడం కన్నా, పెరట్లో ఉన్న పనసకాయ చూపించి పనసకాయ అనడం నయం.

ఒకసారి వీడియో కాల్‌లో చూశాను. మా చెల్లి ఇంట్లో జీడిగింజలు ఆరబోసి ఉన్నాయి. పాప వాటిని గోడ వెంబడి వరసగా పేరుస్తోంది. ఇదివరకైతే మా చెల్లి ఆ వరస చెరిపేసి, “అలా ఆడకే” అని బొమ్మ చేతిలో పెట్టేది. ఆ రోజు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తనూ ఒక గింజ తీసి వరస చివర పెట్టి, ఏమీ అనకుండా ఆగింది. పాప ఆ గింజని చూసింది. సర్ది సమంగా పెట్టింది. ఇంకో గింజ తీసి తల్లి అరచేతిలో పెట్టి మొహంలోకి చూసింది. “సూసినావా అక్కా, నాకిచ్చింది!” అంది మా చెల్లి. నేను చేసిందల్లా, మా అబ్బాయికి ఇక్కడ నేర్పిన పద్ధతిని ఫోన్‌లో విడమరిచి చెప్పడమే.

ఇది నా ఇంటి ముచ్చటగానే మిగిలిపోనక్కర్లేదు. పిల్లల ఆటలోకి తల్లిదండ్రులు ఎలా చేరాలో నేర్పే ఇలాంటి పద్ధతిని గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తల చేత నేర్పించి చూశారు. పిల్లలు తల్లిదండ్రులతో తామై సంభాషణ మొదలుపెట్టడం పెరిగిందని 2016లో ఫలితాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల తల్లిదండ్రుల కోసం ఇలాంటి శిక్షణే రూపొందించింది. ఊరికో స్పీచ్ థెరపిస్టు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదన్నమాట. మన ఊళ్ళలో ఆశాలున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు. వాళ్ళకి నేర్పేవాళ్ళు, వాళ్ళ చేతిలో పెట్టే తెలుగు సామగ్రి కావాలి.

ఉద్దానం కిడ్నీ బాధితుల గురించి జనం ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023లో తెరుచుకుంది. ఆటిజం పిల్లల తల్లిదండ్రులు అలా గొంతు కలపలేకపోవడానికి కారణం, ఒకరికొకరు తెలియకపోవడం. ఆ బిడ్డ చెల్లెలికి పెళ్ళి సంబంధాలు రావని దాస్తారు. పెళ్ళిలో బ్యాండు మోతకి పిల్ల చెవులు మూసుకుని ఏడిస్తే “గారాబం” అంటారని ఫంక్షన్లకి వెళ్ళడం మానేస్తారు. రెండు వీధుల అవతల ఇంకో ఇల్లు ఇలాగే తలుపు వేసుకుని ఉంటుంది. నెలకొకసారి ఆ రెండిళ్ళవాళ్ళు కలిసి టీ తాగినా సగం సమాచారం దానంతటదే చేరుతుంది.

అందుకే జీతమిచ్చి నిలపమని నేను అడుగుతున్న మనుషులు శ్రీకాకుళానికి ఒకరు, విజయనగరానికి ఒకరు, వీలైతే పార్వతీపురం మన్యానికి ఇంకొకరు. కనీసం ఐదేళ్ళు. సదరం స్లాట్ ఎలా తీసుకోవాలి, సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల బోర్డు ముందు ఏం అడుగుతారు, నిరామయ ఫారం ఎలా నింపాలి అన్నవి దగ్గరుండి చేయించడం, తల్లుల్ని కలపడం వాళ్ళ పని. దానితో పాటు మూడేసి నిమిషాల ఆడియోలు, ఆ ప్రాంతపు యాసలోనే, మనలో ఉన్న పిల్లల వైద్యులు, థెరపిస్టులు సరిచూశాక వదలాలి. ఆ ఉద్యోగానికి మనిషిని ఎంచేటప్పుడు ఆటిజం ఉన్న బిడ్డని పెంచుతున్న స్థానిక తల్లికో తండ్రికో మొదటి అవకాశం ఇవ్వాలి. బడ్జెట్ రాసేటప్పుడు జీతం, బస్సు ఖర్చులతో పాటు, ఆ మనిషి బయట తిరిగే గంటల్లో ఇంట్లో బిడ్డని చూసుకునేవాళ్ళకి ఇవ్వవలసిన డబ్బు కూడా వెయ్యాలి. అది వెయ్యకపోతే ఆ తల్లి గుమ్మం దాటలేదు.