బోల్టు లెక్క ఉంది, పట్టు లెక్క ఏది?

2021 నవంబర్ 10న మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లోని ఎస్సార్పీ-3, 3ఏ గనిలో కప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. నాలుగు నెలలు తిరగకముందే, 2022 మార్చి 7న, రామగుండం దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో మళ్లీ బండ కూలింది. అక్కడ పోయిన ముగ్గురిలో భద్రత చూసే అధికారి కూడా ఉన్నారు. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2003 అక్టోబర్ 16న గోదావరిఖని 8ఏ గనిలో ఒకేసారి పది మంది.

ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంటుంది. వాటిని తేల్చే పని విచారణలది. నేను ఇక్కడ మాట్లాడాలనుకున్నది ఈ గనులన్నిటిలో మనుషుల నెత్తిమీద కనిపించే ఒక ఉక్కు కడ్డీ గురించి. దాని పేరు రూఫ్ బోల్టు. మనిషి బొటనవేలంత లావు, మనిషంత పొడుగు. బయటికి కనిపించేది ఒక పలక, ఒక నట్టు మాత్రమే. మిగతాదంతా రాతి లోపల ఉంటుంది. కింద నిలబడి పనిచేసేవాడికి తన ప్రాణాన్ని మోస్తున్న వస్తువులో కనిపించేది అంతే.

నేను పెరిగింది బొగ్గుబాయి కాలనీలో. మా పక్కింటి కాక టింబర్‌మన్‌గా, అంటే గని కప్పుకు కర్ర దిమ్మెలు ఆసరా పెట్టేవాడిగా, రిటైరయ్యాడు. ఒక చెవి సరిగా వినిపించదు, అయినా కప్పు గురించి ఆయన చెప్పేదంతా శబ్దాల గురించే. ఒక చేత్తో కర్ర పట్టి కప్పును తట్టి, రెండో అరచేతిని బండకు ఆనించేవాడట. గట్టి బండైతే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే బోలుగా మోగుతుంది, అరచేతికి సన్నటి వణుకు తగులుతుంది. ‘‘దిమ్మె కూలేముందు పలుకుతది బిడ్డా. పటపటమంటది, పొట్టు రాలుతది. గప్పుడు తట్టా ఆడ్నే ఇడిసి ఉరుకుడే. ఇనుము పలుకది’’ అంటాడు.

పాత రోజులే బాగుండేవని ఆయన అనడు, నేనూ అనను. కర్ర దిమ్మెలు దారికి అడ్డం. బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ బండ్లు తిరగాలంటే దిమ్మెలను పీకాలి, లేదంటే ఆ బండ్లే వాటిని గుద్దుతాయి. తడికి కుళ్లిపోతాయి. అన్నిటికంటే పెద్ద లోపం, కప్పు కాస్త దిగి తన మీద వాలేదాకా దిమ్మె బరువు మోయడం మొదలుపెట్టదు. అంటే పొరలు విడిపోయాక గానీ దాని పని షురూ కాదు. బోల్టు ఆ విడిపోవడాన్నే ఆపుతుంది. సరిగ్గా బిగిస్తే దిమ్మె కంటే బోల్టు ఎన్నో రెట్లు మేలు. నా బాధంతా ఆ ‘సరిగ్గా’ అన్న మాట దగ్గరే.

బోల్టు ఏం చేస్తుందో తెలియాలంటే ఒక పాత నోటుబుక్కు చాలు. అట్ట చింపేసి, కాగితాలు విడదీసి, రెండు గ్లాసుల మీద వంతెనలా పరవండి. మధ్యలో వేలు పెడితే కుంగిపోతుంది. అవే కాగితాలను దబ్బనంతో పది చోట్ల గట్టిగా కుట్టి మళ్లీ పెట్టి నొక్కండి. ఈసారి వేలికి ఎదురు తిరుగుతుంది. కాగితం బలం పెరగలేదు, ఒకదానిమీద ఒకటి జారకుండా ఆగింది, అంతే. గోదావరి లోయ బొగ్గు పొరల మీద ఉండేది కూడా ఇలాంటి పొరల రాయే. ఇసుకరాయి, షేల్, మధ్యలో మట్టి పొరలు. ఒకే మందం ఉన్న నాలుగు పొరలు జారకుండా పూర్తిగా అతుక్కుంటే, విడివిడిగా ఉన్నప్పటికంటే 16 రెట్లు బిగువుగా నిలబడతాయి. పైన గట్టి ఇసుకరాయి అందుబాటులో ఉంటే, కింది బలహీనమైన పొరను దానికి వేలాడదీసే పని కూడా బోల్టే చేస్తుంది.

మరి కడ్డీకి అంత బలం ఉందా? ఉంది. 1.2 మీటర్ల ఎడంతో బోల్టులు వేశారనుకుందాం. ఒక్కో బోల్టు వాటాకు 1.2 మీటర్ల చదరం వస్తుంది. దానిపైన మీటరున్నర మందం రాయి విడిపోయిందనుకున్నా ఆ బరువు ఐదు టన్నుల పైచిలుకు. 22 మిల్లీమీటర్ల మంచి ఉక్కు కడ్డీ సాగడం మొదలవడానికే 15 టన్నులకు పైగా లాగాలి. కాబట్టి కడ్డీ తెగి కప్పు కూలడం కంటే, కడ్డీకీ రాయికీ మధ్య పట్టు లేక కూలే భయమే ఎక్కువ. ఆ పట్టు కడ్డీ తయారైన ఫ్యాక్టరీలో రాదు. గని లోపల, చెమటలో, చీకట్లో, క్యాప్‌ల్యాంపు వెలుతురులో ఒక మనిషి చేతుల మీద తయారవుతుంది.

ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. ముందు కప్పుకు రంధ్రం. దానిలోని రాతిపొడి నీళ్లతోనో గాలితోనో శుభ్రంగా కడగాలి. తర్వాత క్యాప్సూల్, అంటే బోల్టును రాతికి అతికించే మందు నింపిన చిన్న గొట్టం. సిమెంట్ క్యాప్సూల్ అయితే బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టాలి. తక్కువ నానితే లోపల పొడిగానే ఉంటుంది, ఎక్కువ నానితే చేతిలోనే విచ్చిపోతుంది. రెసిన్ క్యాప్సూల్ అయితే అందులో రెండు అరలుంటాయి, ఒకదాంట్లో రెసిన్ అనే జిగురు, ఇంకోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. బోల్టును తిప్పుతూ లోపలికి నెడితే ప్లాస్టిక్ పొర చిరిగి రెండూ కలుస్తాయి. ఎన్ని సెకన్లు తిప్పాలో, ఎన్ని సెకన్లు కదలకుండా పట్టుకోవాలో క్యాప్సూల్ తయారుచేసినవాళ్లు చెబుతారు. తక్కువ తిప్పితే కలవదు. గట్టిపడటం మొదలయ్యాక కూడా తిప్పితే అప్పుడే అతుక్కున్నది మళ్లీ విరిగిపోతుంది. ఒక్కోసారి ఆ ప్లాస్టిక్ పొర చిరగకుండా గ్లౌజులా కడ్డీకి చుట్టుకుంటుంది. అప్పుడు రెసిన్ గట్టిపడినా కడ్డీని పట్టుకోదు. రెసిన్ వేడికి చెడిపోతుంది కాబట్టి నిల్వ ఉంచిన గది కూడా లెక్కలోకి వస్తుంది. మే నెలలో రామగుండం ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది డ్రిల్ బిట్ సైజు. 22 మిల్లీమీటర్ల బోల్టుకు 28 మిల్లీమీటర్ల రంధ్రం అనుకుని, దాన్ని చివరిదాకా నింపేలా క్యాప్సూల్స్ లెక్క వేశారనుకుందాం. ఆ రోజు దొరికిన బిట్టు 33 మిల్లీమీటర్లది. ఐదు మిల్లీమీటర్ల తేడాకు ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ బోల్టు చుట్టూ నింపాల్సిన ఖాళీ రెట్టింపవుతుంది. అవే క్యాప్సూల్స్ పెడితే బోల్టులో సగానికే అంటుకుంటుంది. క్యాప్సూల్స్‌ను లోపలి కొసకు నెడతారు కాబట్టి పైసగం అతుక్కుని, కిందిసగం బోసిగా మిగులుతుంది. ముందుగా విడిపోయే కింది పొరలను పట్టుకోవడానికి ఇక పలకా నట్టూ తప్ప ఏమీ లేవు.

ఇప్పుడు ఆ బోల్టుకు పుల్ టెస్ట్ చేయండి. జాక్ పెట్టి కిందికి లాగితే, అతుక్కున్న పైసగం ఆ బరువును హాయిగా తట్టుకుంటుంది. టెస్ట్ పాస్. రిజిస్టర్‌లో టిక్కు. ఎన్ని బోల్టులు వేశారన్న లెక్కా సరిపోతుంది, ఎడమూ సరిపోతుంది. బోల్టు పొడుగునా పట్టు ఉందా అన్న ప్రశ్నకు మాత్రం ఆ కాగితాల్లో జవాబు ఉండదు. పుల్ టెస్ట్ వద్దని నేననను. చేసేది కొన్నిటికే, అదీ చెప్పేది సగమే అన్న సంగతి మరిచిపోవద్దంటున్నా.

కొత్త పరికరం వచ్చినంత మాత్రాన ప్రాణాలు దక్కవని అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 1940ల చివర ప్రభుత్వ గనుల శాఖ రూఫ్ బోల్టును గట్టిగా ప్రచారం చేసింది. 1952 నాటికే ఏడాదికి సుమారు రెండున్నర కోట్ల బోల్టులు వాడే స్థితికి వచ్చారు. అంత వేగంగా పరిశ్రమంతా అల్లుకున్న పద్ధతి గనుల చరిత్రలో అరుదు. అయినా ఆ మొదటి పదేళ్లలో కప్పు కూలి చనిపోయేవాళ్ల రేటు చెప్పుకోదగినంత తగ్గలేదు. అప్పటి బోల్టులు కొసన మాత్రమే రాతిని పట్టుకునేవి, మెత్తని రాతిలో ఆ పట్టు జారేది. బోల్టు వచ్చింది కదా అని దిమ్మెలు తీసేశారు, కానీ ఎన్ని బోల్టులు కావాలి, ఎంత పొడుగు ఉండాలి అన్నదానికి గట్టి ప్రమాణాలు లేవు. దారి ఖాళీ కావడంతో యంత్రాల వేగం పెరిగింది. భద్రత కోసం వచ్చిన వస్తువు ముందు ఉత్పత్తికి పనికొచ్చింది. గనికో రూఫ్ కంట్రోల్ ప్లాన్ ఉండి తీరాలని దేశమంతటికీ చట్టం రావడానికి 1969 దాకా ఆగాల్సి వచ్చింది.

బ్రిటన్‌కూ ఇలాంటి చేదు పాఠం ఒకటి ఉంది. 1993 ఆగస్టు 18న బిల్స్‌థోర్ప్ గనిలో బోల్టులతో ఆసరా ఇచ్చిన దారిలోనే కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ బోల్టులున్న దారుల్లో కప్పు కదలికను కొలిచి తీరాలన్న పట్టుదల పెరిగింది.

కొలవడానికి వాడేది చాలా చిన్న పరికరం, పేరు టెల్‌టేల్. కప్పులోకి లోతైన రంధ్రం వేసి పైన ఒక తీగను బిగిస్తారు. దాని కింది కొస రంగుల గీతలున్న గొట్టంతో బయటికి వేలాడుతుంది. కప్పు కిందికి దిగితే ఒక్కో రంగూ మరుగున పడుతుంది. రెండు తీగలున్న రకమైతే, కదలిక బోల్టుల ఎత్తులోపలా లేక వాటికి పైనా అన్నది కూడా తెలుస్తుంది. బోల్టులకు పైన కదులుతోందంటే, బోల్టులన్నీ కప్పుతో కలిసి మొత్తంగా దిగుతున్నాయని అర్థం. అప్పుడు ఇంకో పది బోల్టులు అంతే పొడుగువి కొట్టి లాభం లేదు, ఇంకా పైకి అందే కేబుల్ బోల్టులు కావాలి. పలకని ఇనుముకు నోరు ఇచ్చేది ఈ పరికరమే.

మన దేశానికి ఈ జ్ఞానం లేదని కాదు. ధన్‌బాద్ శాస్త్రవేత్తలు మన బొగ్గు గనుల కోసమే కప్పుకు మార్కులు వేసే పద్ధతి తయారుచేశారు. వందలో పొరల మందానికి 30, పగుళ్ల వంటి లోపాలకు 25, నీటికి నానిపోయే గుణానికి 20, రాయి బలానికి 15, ఊటనీటికి 10. రాయి ఎంత గట్టిదన్నదాని కంటే పొరలు ఎలా ఉన్నాయన్నదానికి రెట్టింపు మార్కులు. నోటుబుక్కు చెప్పిందీ అదే. 1990లో పాల్ కమిటీ ఈ మార్కుల ఆధారంగా బోల్టుల ఆసరాను సిఫారసు చేసింది. బొగ్గు గనుల నిబంధనలు–2017 ప్రకారం కప్పు మీద నిఘాకు ప్రత్యేక ప్లాన్ ఉండాలి, పరికరాలతో కొలవాలి. కాగితం మీద మనది వెనకబడిన దేశమేమీ కాదు.

లోటల్లా ఆ కొలత ఎవరి చేతిలో ఉంటుందన్న దగ్గర. దిమ్మెల కాలంలో హెచ్చరిక నేరుగా కార్మికుడి చెవికే వచ్చేది. పారిపోవాలా వద్దా అని అతను ఎవర్నీ అడిగేవాడు కాదు. బోల్టుల కాలంలో ఆ హెచ్చరిక పరికరంలోకి, అక్కణ్నుంచి రిజిస్టర్‌లోకి, రిజిస్టర్ నుంచి ఆఫీసులోకి పోయింది. సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్ దాకా వెళ్లి, అక్కడ నిర్ణయం జరిగి, మళ్లీ ఫేస్ దగ్గరికి, అంటే బొగ్గు తవ్వే చోటికి రావాలి. ఇంత దూరం తిరిగేంత టైమ్ బండ ఇవ్వదు. అందరికంటే ముందు, ఇంకా ఆసరా పెట్టని పచ్చి కప్పు కింద నిలబడేది, బోల్టు కొట్టడానికి వెళ్లినవాడే. శ్రీరాంపూర్‌లో పోయినవాళ్లలో టింబర్‌మెన్ ఉన్నారన్నది నేను మరవలేకపోతున్నా.

అందుకే నేను అడిగేవి చాలా మామూలు సంగతులు. గని దారులు కలిసే ప్రతి జంక్షన్ దగ్గరా ఒక బోర్డు ఉండాలి. బోల్టులు ఏ తేదీన వేశారు, బిట్ సైజు ఎంత, ఎన్ని క్యాప్సూల్స్ పెట్టారు, టెల్‌టేల్ ఆఖరి రీడింగ్ ఎంత, ఎవరు చూశారు అన్నది తెలుగులో, పెద్ద అక్షరాల్లో, సుద్దముక్కతో రాసినా చాలు. బోల్టు కొట్టే పనిని అప్పటికప్పుడు ఎవరో ఒకరికి అప్పగించే పనిగా కాకుండా, శిక్షణ పొంది పరీక్ష పాసైనవాళ్లు చేసే పనిగా చూడాలి. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లకూ అదే శిక్షణ ఉండాలి. పర్మనెంటా కాంట్రాక్టా అని చూసి కూలే బండ ఉండదు కదా.

అన్నిటికంటే ముఖ్యమైనది, టెల్‌టేల్‌లో రంగు మారితే బయటికి వచ్చే హక్కు. గనుల భద్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో చేసిన 176వ ఒడంబడిక, తీవ్రమైన ప్రమాదం ఉందని నమ్మడానికి సరైన కారణం కనిపిస్తే ఆ చోటు నుంచి తప్పుకునే హక్కు కార్మికుడికి ఉందని చెబుతుంది. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఢిల్లీ నిర్ణయం దాకా ఆగాల్సిన అవసరమూ లేదు. యాజమాన్యాలూ గుర్తింపు సంఘాలూ కూర్చుంటే ఒక ఒప్పందంతో ఇది అమల్లోకి వస్తుంది. బోనస్ మీద, వారసత్వ ఉద్యోగాల మీద రోజుల తరబడి చర్చలు జరుగుతాయి, జరగాలి కూడా. ఆ బల్ల మీదికి ఈ సంగతీ రావాలి.

దీనివల్ల ఉత్పత్తి ఆగిపోతుందని, ఊరికే బయటికి వచ్చేస్తారని కొందరంటారు. దిమ్మెల కాలంలో పటపట వినిపించి ఉరికినవాళ్లను పని ఎగ్గొట్టారని ఎవరూ అనలేదు. సింగరేణి బొగ్గులో ఇప్పుడు అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. భూగర్భ గనుల్లో ఒక జంక్షన్ దగ్గర ఒక షిఫ్టు పని ఆగితే తగ్గే టన్నులు ఎన్నో లెక్క వేయడం కష్టం కాదు.

మొన్న కాకకు ఫోన్‌లో టెల్‌టేల్ బొమ్మ చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ‘‘మంచిగనే ఉంది బిడ్డా. గా రంగు ఎర్రగైతే ఎవలికి చెప్పాలె? పొమ్మనేటందుకు ఎవలొస్తరు?’’ అని అడిగాడు.