రాయబారం పద్యానికి పది నిమిషాలు ఇవ్వండి

మొన్నటి ఉగాది సభలో జరిగినది మీలో చాలామంది చూశారు. కృష్ణుడి కిరీటంతో వచ్చిన పెద్దాయన రాయబారం పద్యం నాలుగో పాదం ముగించి రాగం అందుకోగానే, తెర పక్కనుంచి ఎవరో చేతిగడియారం చూపించారు. ఆయన గమనించలేదు. వెంటనే తరువాతి నృత్యం పాట స్పీకర్లలో మొదలైంది. ఆయన ఎత్తిన చెయ్యి కాసేపు గాలిలోనే నిలిచి, చివరకు నమస్కారంగా మారింది. ఇదేమిటని నేను నిర్వాహకులను అడిగితే, "అంతసేపు సాగదీస్తే ఇక్కడ పుట్టిన పిల్లలకు ఏం అర్థమవుతుందండీ?" అన్నారు.

మనముంటున్న ఈ లండన్‌లోనే, హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటర్‌లో, 1724 ఫిబ్రవరిలో హ్యాండెల్ ఒపేరా, అంటే కథంతా పాడుతూ నడిపే నాటకం, "జూలియో చేజరే" మొదటిసారి ఆడింది. స్వరకర్త జర్మనీలో పుట్టినవాడు, భాష ఇటాలియన్, కథ రోమన్ సేనాని సీజర్ ఈజిప్టులో అడుగుపెట్టినప్పటిది, విన్నది ఇంగ్లీషువారు. ఇటాలియన్ ముక్క రాకుండానే నేను దానిని చూశాను. మూడో అంకంలో, తమ్ముడు టోలెమీకి బందీగా చిక్కిన క్లియోపాత్రా "పియాంజెరో" అని ఎత్తుకుంటుంది. ఏడుస్తాను అని అర్థం. నెమ్మదిగా సాగే ఆ శోకం నడుమ లయ ఒక్కసారిగా ఉరకలెత్తుతుంది, చచ్చాక దయ్యమై ఆ క్రూరుణ్ణి రాత్రింబవళ్లు వేధిస్తానంటుంది, ఆ తరువాత మొదటి శోకమే తిరిగి వస్తుంది. మాటలు మారవు. కానీ గాయని కొత్త సంగతులు వేస్తూ, కోపమంతా ఖర్చయిపోయిన గొంతుతో వాటినే మళ్లీ పాడుతుంటే, ఆమెకు ఇక దిక్కులేదని నాకు అప్పుడే తెలిసింది. యుద్ధం ఎలా ఉంటుందో కృష్ణుడు చెప్పి ముగించాక కౌరవసభ బెదిరేది కూడా ఆ చివరి రాగంలోనే కదా!

ఆనాటి లండన్ ప్రేక్షకులకు ఒక పేజీలో ఇటాలియన్, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకం అమ్మేవారు. హాల్లో దీపాలు ఆర్పేవారు కాదు కనుక చదువుకుంటూనే వినేవారు.

మన ఊళ్లలో వన్స్‌మోర్ల కోసం పోటీపడి, తెల్లవార్లూ రాగాలు లాగి కథను నట్టేట ముంచిన రాత్రులు నేనూ చూశాను. హాలు అద్దె గంటల లెక్కన కడుతున్నామన్నదీ నిజమే. ఆ ఒపేరాను ఆడించిన సంస్థ సైతం ఖర్చులు మోయలేక 1728లో మూతపడింది. అయినా కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఉగాదికి ఆ ఒక్క పద్యానికి పది నిమిషాలు కేటాయించండి. పద్యం ఒక పక్క, ఇంగ్లీషు తాత్పర్యం మరో పక్క అచ్చువేసి పిల్లల చేతికి ఇచ్చే ఖర్చు నేను భరిస్తాను. ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి పిలిచే పని కూడా నాకే అప్పగించండి.