మేడ మీది కాగితం పూల చెట్టుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాగితం పూల చెట్టు గారికి,

తిరుపతి నుంచి, నువ్వు కాపురముంటున్న మేడ ఓనరు వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం అడగను, అది కనపడుతూనే ఉంది. ఒక్కో ఆకూ అరచెయ్యంత పెరిగి, కొమ్మలు నీళ్ల ట్యాంకు దాటి, పక్కింటి కేబుల్ వైరు పట్టుకుని ఊగుతున్నవాడిని ‘బాగున్నావా’ అని అడిగితే నలుగురూ నవ్వుతారు. నేను అడగాల్సింది ఒక్కటే. పూలేవి సామీ?

ఊళ్లో లేవని కాదు. మే నెలలో రేణిగుంట వైపు పోతుంటే రోడ్డు డివైడర్ మీద నీ దాయాదులు కనపడతారు చూడు. వాళ్లు ఉండేది మట్టిలో కూడా కాదు, కంకరలో, సిమెంటు పెళ్లల్లో, ఎవరో తాగి పడేసిన కొబ్బరి బోండాల మధ్యలో. అటు లారీల పొగ, ఇటు బస్సుల పొగ, నెత్తిన నలభై దాటిన ఎండ. ఎప్పుడో దయ కలిగితే ఒక ట్యాంకరు వచ్చి పైపు అటు తిప్పి పోతుంది, అందులో సగం నీళ్లు వెనక వచ్చే స్కూటరు వాళ్ల మీదే పడతాయి. అయినా వాళ్లు ఆకు కనపడకుండా పూస్తారు. పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు, ఎరువు వేసే నాథుడు లేడు, పూత మాత్రం కళ్లు జిగేల్‌మనేంత. ఇక్కడ నీకేమో పేరుపేరునా సేవ, నువ్వు ఇచ్చేది తోటకూర మడిలాంటి పచ్చదనం.

నీకు జరిగిన మర్యాదలు నువ్వు మరిచిపోయినట్టున్నావు కాబట్టి గుర్తు చేస్తాను. పద్నాలుగంగుళాల కుండీ. పాకాల వైపు తెలిసినవాళ్ల పొలం నుంచి తెచ్చిన ఎర్రమట్టి. అందులో కొబ్బరి పొట్టు, బాగా చివికిన పేడ ఎరువు, వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి. అది చాలదన్నట్టు, మన జిల్లా చెనక్కాయల జిల్లా కదా అని గానుగ దగ్గర చెక్క కొనుక్కొచ్చి, బకెట్‌లో నానబెట్టి, పులియబెట్టి, పలుచన చేసి మరీ పోశాను. ఆ వాసనకు కింద అద్దెకుండే వాళ్లు డ్రైనేజీ పైపు పగిలిందనుకుని ప్లంబర్‌ను పిలిపించారు. అతను మేడంతా వెతికి, చివరికి నీ దగ్గరికొచ్చి ముక్కు మూసుకుని ‘ఇదేనా సార్’ అన్నాడు. ఆ పూట నా పరువు నీ కాళ్ల దగ్గర పోసినట్టే. దానికి నువ్విచ్చిన ప్రతిఫలం మరో మూడడుగుల కొమ్మ, దానికి అంగుళం పొడవు ముళ్లు.

నిన్ను ఇంటికి తెచ్చిన రోజు అయితే వేరే లెక్క. మొక్కల వ్యాను వీధి మలుపులో ఆగింది. మైకులో ‘మందారం, చామంతి, గులాబీ’ అని అరుస్తూ వచ్చే వ్యాన్లున్నాయి కదా, వాటిలో ఏ మొక్కను చూపించి ‘ఎక్కడిదబ్బా ఇది’ అన్నా జవాబు ఒకటే: ‘కడియం సార్!’ కడియంలో నిజంగానే ఎకరాలకు ఎకరాలు నర్సరీలున్నాయి, కాదనను, కానీ మన వీధుల్లో ఆ పేరు చెప్పుకుని అమ్ముడుపోయిన మొక్కలన్నీ అక్కడే పుట్టుంటే గోదావరి జిల్లాల్లో వరి నాటడానికి చోటుండేది కాదు. ఆ వ్యానులో నువ్వు ఎట్లున్నావు! ఆకు లేదు, అంతా పువ్వే. ఇంటికి తెచ్చి, కవరు కోసి, నీ వేళ్ల చుట్టూ ఉన్న మట్టి గడ్డ విడిపోకుండా పసిబిడ్డను దించినట్టు కుండీలోకి దించానా, వారం తిరక్కుండా ఒక్కొక్కటే రాల్చడం మొదలుపెట్టావు. మళ్లీ ఆ వ్యాను వచ్చినప్పుడు నిలదీస్తే, ‘షాక్‌లో ఉంది సార్, సెట్ అయిపోతుంది’ అన్నాడు. డబ్బులిచ్చింది నేను, షాక్ నీకు.

సరే, మాకు తెలియదేమో అని తెలిసినవాళ్లను అడిగాం. ఎదురింటి అమ్మాయి ఎస్వీ వ్యవసాయ కాలేజీలో చదువుతుంది. మేడ మీదికొచ్చి, నిన్ను ఒకసారి పైకీ కిందికీ చూసి, నవ్వింది. ‘అంకుల్, దీనికి మీరు నత్రజని ఎక్కువ పెట్టేశారు, అందుకే అన్నీ ఆకులే. ఎరువు తగ్గించండి. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ తగలాలి. కుండీ కొంచెం ఇరుగ్గా ఉండి వేళ్లు నిండిపోతేనే మంచిది. మట్టి బాగా ఎండి, ఆకులు కాస్త వాలేదాకా నీళ్లు పోయొద్దు. పూత అయిపోగానే కొమ్మలు కత్తిరించేయండి, పూసేది కొత్త చిగురుకే కదా’ అని గడగడా చెప్పి, కుండీని ఒక పక్కకు వంచి చూపించింది. కింద రంధ్రంలో నుంచి బొటనవేలంత వేరొకటి బయటికొచ్చి, మేడ పగుల్లోకి దూరి, ఎంతదాకా పోయిందో కనపడలేదు. అంటే నేను కుండీలో పోసేది చాలక, నువ్వు నా శ్లాబులో నుంచి కూడా తాగుతున్నావన్నమాట. ఆ వేరు అక్కడ ఉన్నంత కాలం నీకు కరువంటే ఏమిటో తెలియదు, కరువు తెలియనిదే నువ్వు పూయవు. ఇదీ శాస్త్రం.

మొత్తానికి నేను అర్థం చేసుకున్నదేమిటంటే, నిన్ను ఇరుకు గదిలో పెట్టాలి, సగం పస్తులుంచాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టాలి, అప్పుడప్పుడూ కత్తెర పట్టుకుని నరకాలి. అప్పుడు నీకు సంతోషం కలిగి పూస్తావు. కన్నబిడ్డలను ఇట్లా పెంచితే ఈపాటికి పోలీసులు ఇంటికొచ్చేవాళ్లు. గుమ్మంలోకొచ్చిన వాడు ఎవడైనా సరే, ముందు చెంబుతో నీళ్లిచ్చి తర్వాతే ఎవరు నువ్వని అడిగే ఇల్లు మాది. కల్యాణి డ్యాం నీళ్లూ, తెలుగు గంగ నీళ్లూ వచ్చాయి కాబట్టి సరిపోయింది గానీ, ఎండాకాలంలో ఈ ఊళ్లో బిందె నీళ్ల విలువ ఏమిటో మా అమ్మను అడుగు చెబుతుంది. ఆ నీళ్లు తెచ్చి నీకు పోస్తే, అది నీకు చేసిన అపకారమట!

నీ చరిత్ర తవ్వితే ఇదేమీ కొత్త బుద్ధి కాదని తేలింది. నువ్వు పుట్టింది దక్షిణ అమెరికాలో. 1766లో ఫ్రాన్స్ నుంచి బూగన్‌విల్ అనే దొర ప్రపంచం చుట్టి రావడానికి ఓడల్లో బయల్దేరాడు. అందులో కొమ్మెర్సాన్ అని ఒక వృక్షశాస్త్రజ్ఞుడు, అతనికి సహాయంగా జీన్ బారే అనే ఆవిడ. అప్పట్లో ఫ్రెంచి నౌకాదళం ఓడల్లోకి ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు కాబట్టి ఆమె మగ వేషం వేసుకుని ఎక్కింది. భూగోళం చుట్టి వచ్చిన తొలి మహిళగా చరిత్రలో ఆమె పేరే చెబుతారు. మరుసటి ఏడు బ్రెజిల్‌లో, రియో దగ్గర, నువ్వు వాళ్ల కంటపడ్డావు. ఆ సమయంలో కొమ్మెర్సాన్ కాలి పుండుతో బాధపడుతున్నాడు కాబట్టి నిన్ను మొదట కోసుకొచ్చింది ఆమే అయ్యుండొచ్చని చాలామంది అంటారు. కొండలెక్కిందీ, ముళ్లు గుచ్చించుకుందీ, సంచులు మోసిందీ ఆమె. మరి నీకు పెట్టింది ఎవరి పేరు? ఓడ నడిపిన దొర పేరు, బూగన్‌విల్లియా అని. ఆయన నీకు ఒక్క చెంబుడు నీళ్లు పోసిన దాఖలా నాకెక్కడా దొరకలేదు. అప్పటి నుంచీ నీకిదే అలవాటు, చాకిరీ చేసేది ఒకరు, నువ్వు తలెత్తుకుని నిలబడేది ఇంకొకరి పేరుతో.

పోనీ ఆ పూసేవైనా పువ్వులా అంటే అదీ లేదు. మొన్న రోడ్డు మీది నీ దాయాది నుంచి రాలిన గుత్తి ఒకటి జేబులో వేసుకొచ్చి భూతద్దం పెట్టి చూశాను. రంగంతా ఉన్నది మూడు ఆకుల్లో. నిజంగా ఆకులే, ఈనెలతో సహా, రంగు మారిన ఆకులు. ఒక్కో ఆకు నడి ఈనెకు అంటుకుని అగ్గిపుల్ల లావు గొట్టం, ఆ గొట్టం మూతి దగ్గర చిన్న తెల్ల నక్షత్రం. అసలు పువ్వు అది. అది కనపడాలంటే నా వయసు వాడికి కళ్లజోడు కూడా చాలదు. జనాలు ఫోటోలు దిగేది, పెళ్లి మండపాల ముందు సెల్ఫీలు తీసుకునేది అంతా ఆకుల పక్కన అన్నమాట. ఈ మాట ఆ అమ్మాయితో అంటే, ‘అయితే మీ చెట్టు అబద్ధం చెప్పట్లేదు కదా అంకుల్, ఆకుల్ని ఆకుల్లాగానే చూపిస్తోంది’ అంది. చదువుకున్న పిల్లలతో మాట్లాడకూడదు.

ఇక నీ రంగుల నిలకడ సంగతి ఎత్తితే నియోజకవర్గం గుర్తొస్తుంది. మా తోడల్లుడు ఆరెంజ్ అని చెప్పి, ఆరెంజ్ చూసి, ఆరెంజ్ కొన్నాడు. విచ్చినప్పుడు ఆరెంజే, ముదిరేకొద్దీ గులాబీ. నర్సరీ వాణ్ని అడిగితే ‘ఆ రకం అంతే సార్’ అన్నాడు. మేరీ పామర్ అని ఇంకో రకం ఉంది, అది మరీ తెలివైనది, ఒకే చెట్టుకు తెల్లవీ పూస్తుంది, గులాబీవీ పూస్తుంది, ఎవరు గెలిచినా తనకు ఇబ్బంది లేకుండా. మీ రకాలకు ప్రపంచం మొత్తం మీద పేర్ల రిజిస్టరు రాసుకునే బాధ్యత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థది. పాపం ఆ గుమాస్తా ఎవరో గానీ, నీ తరఫున ఆయనకు నా సానుభూతి.

పక్క కుండీల వాళ్లను చూసైనా నేర్చుకుంటావేమో అనుకున్నాను. మందారం ఉంది. దాని పువ్వు బతికేది ఒక్క రోజు, అయినా పొద్దున్నే డ్యూటీకి వస్తుంది. వంటి నిండా పిండినల్లి పట్టినా, వేపనూనె సబ్బునీళ్లు కొడితే నాలుగు రోజుల్లో లేచి మళ్లీ మొగ్గ తొడుగుతుంది. నూరువరహాలు ఉంది. మా బోరు నీళ్ల ఉప్పుకు దాని ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, చూస్తే జాలేస్తుంది, ఆ స్థితిలో కూడా ఒక ఎర్ర గుత్తి చేతిలో పెడుతుంది. నందివర్ధనం గురించి చెప్పక్కర్లేదు, అది ఎవరినీ ఏమీ అడగదు. ఈ ముగ్గురూ దేవుడి గదిలోకి వెళ్లొస్తారు. నువ్వు వెళ్లావా ఎప్పుడైనా? నీకు వాసన లేదు, దండకు గుచ్చితే నిలవవు. ఇది ఎట్లాంటి ఊరో తెలుసా నీకు? పైన కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామికే అని ఆడవాళ్లు తల్లో కూడా పెట్టుకోరు. టీటీడీ ఆలయాల్లో వాడేసిన పూలు సైతం 2021 నుంచి అగరబత్తులై మళ్లీ జనం ఇళ్లకు చేరుతున్నాయి. ఇట్లాంటి ఊళ్లో ఉండి, చీపురు తప్ప ఇంకో గతి లేని పువ్వు నీ ఒక్కదానిదే.

ఆ చీపురు కూడా ప్రతిసారీ దొరకదు. నువ్వు పూసిన ఆ ఒకే ఒక్క సీజను నాకు బాగా గుర్తుంది. రాలినవి ఎండి, గాలికి ఎగిరి, మేడ మూల నీళ్లు పోయే గొట్టం దగ్గర చేరాయి. నవంబరు వాన ఎట్లుంటుందో 2021 వరదల్లో ఈ ఊరంతా చూసింది కాబట్టి చెప్పక్కర్లేదు. ఆ ఏడు కాదులే, తర్వాతే, మామూలు తుఫాను వానే, కానీ గొట్టం నోట్లో నీ రంగు కాగితాలు తడిసి ముద్దై, తలుపు గడప దాకా నీళ్లు. నేను చెయ్యి పెట్టి పిడికిళ్లతో లాగుతుంటే గులాబీ రంగు పేస్టు బయటికొచ్చింది. అందులో కూడా ఒక ముల్లు.

న్యాయంగా ఒక మంచి మాట కూడా చెప్పాలి. కొండ దగ్గర కాలనీ కదా మాది, కోతులు దిగితే మందారం మొగ్గలు బఠాణీల్లా నములుతాయి, జామ పిందెలు ఉంచవు. నీ జోలికి మాత్రం ఒక్కటీ రాదు. నీ పక్కనుంచి పోయేటప్పుడు తోక కూడా దగ్గరికి లాక్కుంటాయి. ఆ ఒక్క గౌరవం నీకుంది.

కానీ అసలు కడుపుమంట వేరే ఉంది, ఇంతసేపూ దాచుకున్నాను. పోయిన వానాకాలంలో నిన్ను కత్తిరించి, ఆ కొమ్మలను పక్క ఖాళీ సైటులోకి విసిరాను. ఆ సైటు ఓనరు ఎక్కడో అమెరికాలో ఉన్నాడు, అక్కడ ఉన్నది పాత ఇటుకలు, విరిగిన వెస్ట్రన్ కమోడు ఒకటి, తుమ్మ మొక్కలు. అందులో నీ కొమ్మ ఒకటి కమోడు పక్కన వేరు పట్టింది. ఎవరూ నాటలేదు. ఎవరూ చూడలేదు. ఇప్పుడు అది కమోడు మీద వాలిపోయి, రాణీ రంగులో, ఒక్క ఆకు కనపడకుండా పూసింది. నీ ఒళ్లే అది, నీ రక్తమే, నా ఎరువు తిని ముదిరిన కొమ్మే. మా ఇంటికొచ్చిన చుట్టాలు మేడ ఎక్కి, నీ వైపు వీపు పెట్టి, గోడ మీదుగా దాన్ని చూసి ‘అబ్బ, ఎంత బాగా పూసిందో, మీదేనా?’ అంటున్నారు. నన్నేం చెప్పమంటావు?

అందుకని ఇవీ కొత్త నిబంధనలు. శ్లాబులోకి పోయిన వేరు ఆదివారం కోసేస్తున్నాను. చెనక్కాయ చెక్క బకెట్ కనకాంబరాలకు ఇచ్చేశాను, వాటికి కృతజ్ఞత ఉంది. నిన్ను ట్యాంకు వెనక ఇనప స్టాండు మీదికి, పడమటి ఎండ కొట్టే చోటికి మారుస్తాను. నీళ్లు ఆకు వాలితేనే. పలకరింపులు బంద్. వచ్చే మాఘమాసం దాకా గడువు. అప్పటికీ పూయకపోతే పక్క సైటు కమోడు పక్కనే ఇంకా చోటుంది.

ఇట్లు,
నీకు ఇన్నాళ్లూ నీళ్లు పోసిన అపరాధి

తా.క.: నేను ఆఫీసుకు పోయాక మా అమ్మ మెట్లెక్కి వచ్చి ‘పాపం వాడిపోయిందిరా’ అని నీకు బియ్యం కడిగిన నీళ్లు పోస్తోందని నాకు తెలుసు. ఆమెను ఆపే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. నువ్వే ఏదో ఒకటి చేసి, తాగినట్టు నటించి, కింద రంధ్రంలో నుంచి వదిలెయ్.