రొంటిన పిస్తోలు, బొటనవేలితో పేచీ

2018 జూన్ 2, డెన్వర్. అర్ధరాత్రి దాటింది. ఒక బార్లో డాన్స్ చేస్తున్న కుర్రాడి చుట్టూ జనం చోటిచ్చి నిలబడ్డారు. అతను ఊపు మీదుండి వెనక్కి పిల్లిమొగ్గ వేశాడు. మొగ్గ చక్కగా కుదిరింది. రొంటిన ఉన్న పిస్తోలు మాత్రం అతనితో పాటు తిరగలేక జారి నేల మీద పడింది. పడి ఊరుకుంది కూడా. ఊరుకోనిది అతని చెయ్యి. గబుక్కున వంగి అందుకున్నాడు, అది పేలింది, అక్కడున్న ఒకతని కాలికి తగిలింది. డాన్సరు పిస్తోలును మళ్ళీ నడుముకి దోపుకుని, చేతులు పైకెత్తి, పక్కకు నడిచాడు. ఇంతకీ ఉద్యోగం ఎఫ్‌బీఐలో. ఆ డిసెంబరులో నేరం ఒప్పుకుంటే రెండేళ్ళ ప్రొబేషన్ వేశారు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా అమెరికాలో తుపాకీ దాచుకుని తిరిగేవాళ్ళ మధ్య పాత పేచీ రాజుకుంటుంది. బొటనవేలితో వేసి తీసే సేఫ్టీ లివర్ పిస్తోలుకు ఉండాలా, అక్కర్లేదా? ఉంటే ఆ కాలు దక్కేదని ఒకరు. ఉన్నా వెయ్యడం మర్చిపోయేవాడేనని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి పేచీ తెగదు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టం అడ్డులేని 21 ఏళ్ళు నిండినవాళ్ళకు దాచుకుని తిరగడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. (హెచ్1బీ మీదున్నవాళ్ళు ఉత్సాహపడకండి. వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఫెడరల్ చట్టం మీ చేతికి తుపాకీ రానివ్వదు. ఇది గ్రీన్ కార్డు చేతికందినవాళ్ళ తలనొప్పి.) అందుకని డాలస్ చుట్టుపక్కల ఏదో ఒక తెలుగు ఇంట్లో, ఏదో ఒక శనివారం, ఈ సంభాషణ నడిచే అవకాశం ఉంది.

"ఏమండీ, అది ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా?"

"సేఫ్టీ ఆన్‌లో ఉంది."

"అంటే పేలుతుందా?"

"ఆన్‌లో ఉంటే ఎలా పేలుతుందే? ఆఫ్‌లో ఉంటేనే పేలుతుంది."

"మరి ఆ ఎర్రచుక్క ఏమిటి? ఎరుపంటే ఆగమని కదా?"

"ఇక్కడ ఎరుపంటే పేలడానికి సిద్ధంగా ఉందని."

"ఇప్పుడు ఎర్రచుక్క కనిపిస్తోందండీ."

ఆయన లివర్ పైకి నెట్టాడు. చుక్క మాయమైంది. ఆవిడ ఇంకేం అనలేదు, కుర్చీ మాత్రం కాస్త వెనక్కి జరుపుకుంది.

ఇక ఎటు నెట్టాలన్న సమస్య. ఇండియాలో లైటు స్విచ్చి కిందికి నొక్కితే వెలుగుతుంది, అమెరికాలో పైకి నొక్కితే వెలుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆర్నెల్లు బాత్రూములో చీకట్లో తడుముకునేది దీనివల్లే. పిస్తోళ్ళలోనూ ఈ రెండు సంప్రదాయాలున్నాయి. 1911 మోడల్‌ది మన పద్ధతి: కిందికి నొక్కితే పేలడానికి సిద్ధం, పైకి నెట్టితే బంద్. పిడి గట్టిగా పట్టుకునేటప్పుడు బొటనవేలు ఎలాగూ కిందికి దిగుతుంది, లివర్ కూడా దాంతోపాటే దిగుతుంది. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్, సిగ్ పి365లలో లివర్ ఉన్న రకాలదీ ఇదే దారి. బెరెట్టా 92ఎఫ్‌ఎస్‌ది అమెరికా స్విచ్చి: లివర్ స్లైడ్ (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) మీదుంటుంది, పైకి ఉంటే సిద్ధం, కిందికి ఉంటే బంద్. దీంతో ఇంకో తంటా ఉంది. స్లైడ్‌ను పిడికిటితో పట్టి వెనక్కి లాగేటప్పుడు, చెయ్యి తగిలి లివర్ తనంతట తానే కిందికి దిగిపోగలదు. లాగినవాడు సిద్ధం చేశాననుకుంటాడు, పిస్తోలు మాత్రం తాళం వేసుకుని కూర్చుంటుంది. ఈ రెండు జాతులనూ ఒకే ఇంట్లో పెట్టుకుని, సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి రొంటిన దోపుకునేవాడికి ఏ శిక్షణా పనిచెయ్యదు. రెండు కావాలంటే రెండిటి లివర్ ఒకే వైపు తిరగాలి, లేదా రెండిటికీ లివరే ఉండకూడదు.

లివర్ లేని పిస్తోలు సేఫ్టీ లేని పిస్తోలు కాదు. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17 లోపల మూడు అడ్డుకట్టలున్నాయి. వాటిలో ఒకటి, తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్నుకు అడ్డంగా నిలబడే చిన్న మేకు. ట్రిగ్గర్ వెనక్కి వస్తేనే అది తప్పుకుంటుంది. కింద పడ్డంత మాత్రాన ఇలాంటివి పేలకూడదనే ఆ ఏర్పాటు. పైకి కనిపించేది ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న నాలుక. పక్కనుంచి తగిలితే కదలదు, ఎదురుగా నొక్కితేనే ట్రిగ్గర్‌ను వదులుతుంది. కానీ పాపం, దానికి వేలిముద్రలు తెలీవు. నొక్కింది వేలా, చొక్కా అంచా, జర్కిన్ నాడా చివర వేలాడే ప్లాస్టిక్ బుడిపా అన్న విచారణ దాని పరిధిలో లేదు. మామూలు గ్లాక్ ట్రిగ్గర్ బరువు సుమారు 5.5 పౌండ్లు, అంటే రెండున్నర కిలోలు. కదిలే దూరం అరంగుళం. డబుల్ యాక్షన్ రివాల్వరుది (ఒక్క నొక్కుతోనే హేమర్, అంటే వెనకుండే సుత్తి, లేచి పడేది) పది, పన్నెండు పౌండ్ల బరువు. దానికి లివర్ లేకపోయినా జనం పెద్దగా బెంగపెట్టుకోనిది అందుకే. ఆ బరువే దాని సేఫ్టీ.

2008 నవంబరులో న్యూయార్కు నైట్‌క్లబ్బులో ప్లాక్సికో బరెస్‌కు జరిగింది ఈ అరంగుళంలోనే. ఆ ఏడాది ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌ను (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) గెలిపించిన బంతిని అందుకున్న ఆటగాడు. రొంటిన గ్లాక్.  హోల్‌స్టర్, అంటే ఒర, లేదు. పిస్తోలు ప్యాంటు కాలులోకి జారింది. జారేదాన్ని పట్టుకోవడమే వృత్తిగా ఉన్నవాడు, పట్టుకున్నాడు. గుండు సొంత తొడలోంచి దూసుకుపోయింది. ఫ్లోరిడా పర్మిట్టు అప్పటికే గడువు దాటింది, గడువుంటే మాత్రం న్యూయార్కులో చెల్లదు. మరుసటి ఏడు రెండేళ్ళ జైలు శిక్ష పడింది. స్టీలు గ్లాసు జారితే పట్టుకునే చెయ్యి పిస్తోలు జారినా పట్టుకోబోతుంది. పట్టుకోకూడదు. పడనివ్వాలి, ఆగిపోయాక వంగి పిడి దగ్గర నెమ్మదిగా తీసుకోవాలి. అక్కడ లివర్ వేసి ఉంటే మేలే జరిగేది, కాదనలేం. అయితే గట్టి బెల్టు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) ఒర ఉంటే జారేదే కాదు. ఆ రెండూ కొనడానికి బద్ధకించినవాడు రోజూ లివర్ వేసుకుంటాడని నమ్మడానికి చాలా మంచి మనసుండాలి.

లివర్ ఉన్నవాళ్ళ కష్టం ఇంకోలా ఉంటుంది. షూటింగ్ రేంజిలో గంట మోగగానే పిస్తోలు దూస్తాడు, గురిపెడతాడు, ట్రిగ్గర్ నొక్కుతాడు. ఏమీ కాదు. ఇంకా గట్టిగా నొక్కుతాడు. తర్వాత పిస్తోలును మొహం ముందుకు తెచ్చి, పెట్రోలు కాక్ తిప్పకుండా కిక్కులు కొట్టి అలిసిపోయిన పాత బజాజ్ చేతక్ యజమానిలా అటూ ఇటూ తిప్పి చూస్తాడు. తిప్పడంలో గొట్టం పక్కవాడి వైపు తిరుగుతుంది, రేంజి అధికారి అరుస్తాడు. సన్నటి పిస్తోళ్ళలో లివర్ చింతగింజంత ఉంటుంది. చెమట పట్టిన బొటనవేలుకు దొరకదు. ఎడమచేతి వాటం వాళ్ళకు, లివర్ ఎడమవైపు మాత్రమే ఉంటే, బొటనవేలు అటు చేరనే చేరదు. రెండువైపులా లివరున్నవి కొంటే బయటివైపుది కారు సీటుకో, కుర్చీ చేతికో రాసుకుని తనంతట తానే దిగిపోగలదు. లోపలివైపుదాన్ని కాస్త బొజ్జ ఉన్నవాళ్ళు బొజ్జతోనే నడుపుతారు. యజమానికి తెలీకుండా సేఫ్టీ వేసి తీసే బొజ్జలు కొన్ని ఉన్నాయి. కొనేముందు ఆ ఒర లివర్‌ను కదలకుండా పట్టి ఉంచుతుందో లేదో చూసుకోవాలి.

సాధన ఖాళీ పిస్తోలుతో. ముందు మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల డబ్బీ) తియ్యాలి, తర్వాత స్లైడ్ లాగాలి. వరస తప్పి ముందు స్లైడ్ లాగితే చాంబర్‌లోంచి (పేలబోయే తూటా ఉండే అర) ఒక తూటా బయటికి ఎగురుతుంది, మ్యాగజైన్ లోంచి ఇంకోటి లోపలికి దూరుతుంది. ఆపైన మ్యాగజైన్ తీసి 'ఖాళీ' అనుకునేవాళ్ళ వల్లే చాలా ఇళ్ళలో టీవీలు మారాయి. చాంబర్‌ను కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి, తూటాల పెట్టెను వేరే గదిలో పెట్టాకే మొదలుపెట్టాలి. దూసిన ప్రతిసారీ బొటనవేలు లివర్ మీద వాలాలి. రోజుకు పది నిమిషాలు, కొన్ని నెలలు. బొటనవేలు అడక్కుండానే ఆ పని చేసేదాకా ఆ పిస్తోలును వీధిలోకి తీసుకెళ్ళకపోవడం మంచిది.

లివర్‌కు అసలు ఉద్యోగం దూసేటప్పుడు కాదు, తిరిగి ఒరలో పెట్టేటప్పుడు. దూసేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. పెట్టేటప్పుడు సినిమా హీరోలైపోతారు, చూడకుండా టక్కున దించుతారు. వేగంగా దించినందుకు ఎవరూ శాలువా కప్పరు. వేలు ట్రిగ్గర్ మీద కాక పైన ఫ్రేము వెంట ఉండాలి. లివర్ బంద్ వైపుకి. రెండో చేత్తో చొక్కాను ఛాతీదాకా ఎత్తాలి. ముందువైపు దోపుకునేవాళ్ళైతే నడుమును ముందుకు తోసి, వెనక్కి వాలాలి; గొట్టం చూసేది తొడలోని పెద్ద రక్తనాళం వైపు కాబట్టి ఈ ఒక్క విషయంలో సిగ్గుపడకూడదు. కళ్ళతో చూస్తూ మెల్లగా దించాలి. ఏమాత్రం అడ్డు తగిలినా ఆగి బయటికి తియ్యాలి, బలవంతంగా తొయ్యకూడదు. హేమర్ ఉన్న పిస్తోలైతే దాని మీద బొటనవేలు ఆనించాలి, హేమర్ కదిలితే వేలికే తెలుస్తుంది. ఇంకా సులువు కావాలంటే ఒరనే నడుము నుంచి తీసి, పిస్తోలు అందులో పెట్టి, రెండూ కలిపి మళ్ళీ తగిలించుకోవచ్చు.

మన డాలస్ ఆయన బయల్దేరాడు. ఇంటి తాళం మూడుసార్లు లాగి చూశాడు. జర్కిన్ ఎత్తి లివర్ రెండుసార్లు తడిమాడు. చుక్క కనిపించడం లేదు.

"ఏమండీ."

"వేశానే, చూశా కూడా."

"అది కాదు. మీ జర్కిన్ నాడా ఒరలోకి వేలాడుతోంది."

ఆయన కిందికి చూశాడు. బుడిపె ఒర అంచు మీద ఊగుతోంది. ఆయన రెండు చేతులూ పిస్తోలుకు దూరంగా ఎత్తి పట్టుకున్నాడు. ఆవిడ లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది.