మసకగా ఉన్న ప్రతి అతుకూ డ్రై సోల్డర్ కాదు
ఎలక్ట్రానిక్ బోర్డుల సోల్డరింగ్ మీద వచ్చిన ఒక వ్యాసంలో, అతుకు మెరవకపోతే డ్రై సోల్డరే (సరిగా అంటుకోని అతుకు), మళ్లీ కాల్చండి అని రాశారు. పాత 63/37 (తగరం 63, సీసం 37 శాతం) సీసం తీగకి ఆ మాట సరే. లెడ్‌ఫ్రీలో, అంటే సీసం లేని సోల్డర్‌లో, ఎక్కువగా వాడే శాక్ 305 (తగరం 96.5, వెండి 3, రాగి 0.5 శాతం) చల్లారితే సహజంగానే మసకగా, గరుకుగా ఉంటుంది. చూడాల్సింది అంచు: ప్యాడ్ (బోర్డు మీది రాగి అతుకు చోటు) మీదికి పల్చగా పాకిందా, ఉండలా నిలబడిందా? పాకితే మంచిదే, ఉండలా ఉంటేనే అనుమానం.

సీసం తీగ 183 డిగ్రీలకే కరుగుతుంది, శాక్ 305 కరగడం 217 దగ్గర మొదలవుతుంది. అలాగని సోల్డరింగ్ ఐరన్ 420కి పెంచేస్తే ఫ్లక్స్ (సోల్డర్ అంటుకునేలా లోహాన్ని శుభ్రం చేసే పదార్థం) ముందే మాడుతుంది, ప్యాడ్ లేచిపోతుంది, బిట్ (ఐరన్ మొన) మీది ఇనుప పూతని తగరం తినేస్తుంది. 350–370 చాలు, వెడల్పు బిట్, కాస్త అదనపు ఫ్లక్స్. బిస్మత్ అనే లోహం కలిసిన సోల్డర్ పేస్టు వాడిన బోర్డు మీద మాత్రం సీసం తీగ పెట్టొద్దు. తగరం, సీసం, బిస్మత్ కలిస్తే 96 డిగ్రీలకే కరిగే మిశ్రమం ఏర్పడొచ్చు.

భీమవరం, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువు గట్ల మీద ఉండే ఏరేటర్ (నీటిలోకి గాలి కలిపే యంత్రం) కంట్రోల్ బోర్డులకి ఇంకో పని ఉంది. ఫ్లక్స్ జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా బోర్డు మీద వేసే పల్చని పూత) వేయాలి, కనెక్టర్లకి తగలనివ్వకండి. ఆ ఉప్పు తేమలో ట్రాక్‌ల మధ్య లీకేజీకి దారి మిగిలిపోయిన ఫ్లక్సే, నింద మాత్రం సోల్డర్‌కి.