ఎవరూ వాడడం లేదట!

ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వర్షన్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పాత నెట్‌వర్క్ సదుపాయాన్ని పెరికి పారవేసే సంప్రదాయాన్ని తప్పుపట్టేవారు గోదావరి డెల్టాలో ఇటీవల ఎక్కువయ్యారు. వారి అజ్ఞానానికి చింతిస్తూ, ఆ సంప్రదాయపు మహత్తును వివరించడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

ముందుగా, నెట్‌వర్క్‌లో కబురు మోసే ప్యాకెట్ సంగతి. అమలాపురం నుంచి నరసాపురానికి తరలిన పెళ్ళివారిని తలుచుకోండి. కొందరు చించినాడ వంతెన మీదుగా కార్లలోను, కొందరు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కీ, ఎవరి దారిన వారు బయలుదేరి చివరకు ఒకే పందిట్లో కలుసుకుంటారు. కబురును ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా రాసి, దొరికిన దారిన పంపి, అవతల మళ్ళీ వరుసగా పేర్చుకోవడమే ప్యాకెట్ స్విచింగ్. పెళ్ళికొడుకు ఎక్కిన పంటు ఇసుక మేటలో కూరుకుపోతే ఏం చేయాలన్న విషయంలో మాత్రం ప్రోటోకాల్‌ది, అంటే యంత్రాలు మాట్లాడుకునే కట్టుబాటుది, ఒక్కోదానిది ఒక్కో మతం. ఐపీఎక్స్ అనేది ‘పోతే పోయాడు’ అనే రకం. దాని తోడు ఎస్పీఎక్స్, రాని మనిషికి మళ్ళీ కబురు పెట్టే రకం.

ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ ఫైళ్ళు పంచిపెట్టే నోవెల్ కంపెనీ నెట్‌వేర్ సర్వర్లతో పాటు 1990లలో ఈ ఐపీఎక్స్ మన ఆఫీసుల్లోకి వచ్చింది. మా బంధువుల రైస్ మిల్లులోకీ వచ్చింది. కాటా గదిలో ఒక కంప్యూటరు, గుమాస్తా గారి బల్ల మీద మరొకటి, బస్తాల లెక్కకు ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము. మొదట్లో ఒక యంత్రానికి 802.3 అనీ, ఇంకొకదానికి 802.2 అనీ ఫ్రేమ్ రకం, అంటే ప్యాకెట్‌ను పొట్లం కట్టే తీరు, పెట్టడంతో, గట్టు తగాదా పడిన అన్నదమ్ములు ఒకే అరుగు మీద కూర్చుని మొహాలు తిప్పుకున్నట్టు, ఒకే తీగకు కట్టిన ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తించలేదు. ఆ ఒక్క తగువూ తీరాక ఏళ్ళ తరబడి ఎవరూ దాని జోలికి పోలేదు. పని చేసే వస్తువును ముట్టుకోకపోవడం ఎంత అనాగరికమో వేరే చెప్పాలా?

నాగరికులు అలా ఊరుకోలేదు. 2007లో సామాన్యులకు అమ్మకానికి వచ్చిన విండోస్ విస్టాలో ఐపీఎక్స్ లేదు. 2018లో 4.18 వర్షన్‌తో లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దాన్ని వదిలించుకుంది. 2022లో వచ్చిన లైనక్స్ 6.1లో డెక్‌నెట్ అనే మరో పాత ప్రోటోకాల్ వంతు వచ్చింది. దాన్ని వాడేవారికంటే ఊడ్చేవారే ఎక్కువయ్యారన్నది అక్కడ చెప్పిన కారణం. చూసుకునే దిక్కులేని కోడ్, పాడుపడ్డ లాకు వంటిదనీ, గండి పడేది అక్కడేననీ నేనూ ఒప్పుకుంటాను. కానీ ‘ఎవరూ వాడడం లేదు’ అని తేల్చేముందు లెక్క తీసినవారు మా మిల్లు కాటా గదికి వచ్చిన గుర్తు మాత్రం లేదు.

ఈ దార్శనికత మన నీటిపారుదల ఇంజనీర్లకు లేకపోయింది. 1852లో కాటన్ దొర పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్టకు బదులుగా 1982 నాటికి కొత్త బ్యారేజీ లేచినప్పుడు, వారు ఎంత వెనకబాటుతనం చూపించారంటే, పాత కాలువల్లోకే కొత్త బ్యారేజీ నీటిని వదిలారు. కోనసీమలో ఏ మూల రైతూ తన పంటబోదెను తిరిగి తవ్వుకోవలసిన అవసరం రాలేదు. వర్షన్ మారిందన్న సంగతి చేనుకు తెలియకుండా మార్చడం అభివృద్ధి ఎలా అవుతుంది? ‘పాత తూములకు సపోర్టు ముగిసింది, కొత్త పొలం కొనుక్కోండి’ అని ఒక్క కాగితం అంటించి ఉంటే డెల్టా ఈపాటికి ఎక్కడ ఉండేదో!

తొలగించినది తిరిగి రాదని బెంగపడేవారికి కాకినాడ–కోటిపల్లి రైలు మార్గమే ధైర్యం. యుద్ధ అవసరాల కోసమని 1940లో పట్టాలు పీకేశారు. 2004లో మళ్ళీ వేశారు. అంటే 64 ఏళ్ళు. విస్టా లెక్కన మా మిల్లువారు 2071 దాకా ఓపిక పట్టాలి, అంతే.

ఓపిక లేక వారు కొత్త కంప్యూటరు కొన్నారు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు “అంతా ఆటోమేటిక్ అండీ” అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఐపీఎక్స్ రాని దానికి పాత సర్వరు కనబడలేదు. మొన్న వెళ్ళి చూస్తే, గుమాస్తా గారు కాటా గదిలోని పాత తెర మీద అంకెలను కాగితం ముక్క మీద రాసుకుని, పన్నెండు అడుగులు నడిచివచ్చి, కొత్త యంత్రంలో కొడుతున్నారు.

“మైగ్రేషన్ అయిపోయిందా గుమాస్తా గారూ?” అన్నాను.

“ఆయ్, అయిపోయినట్టేనండి. ప్యాకెట్లు నేనే మోస్తున్నానండి.”

ఆయన భోజనానికి వెళితే నెట్‌వర్క్ ఆగుతుంది. దాళ్వా మాసూళ్ళకు ట్రాఫిక్ పెరిగి మోకాళ్ళు పట్టేస్తున్నాయట. కిందటి వారం కాటా గదిలో బయలుదేరిన 47 బస్తాలు బల్ల దగ్గరకు 74గా చేరాయి. ఐపీఎక్స్‌లోనూ, దారిలో అంకెలు తారుమారయ్యాయేమో సరిచూసే చెక్‌సమ్ గడిని సాధారణంగా వాడకుండానే వదిలేసేవారు కాబట్టి, ఆ ఒక్క సదుపాయం మాత్రం చెక్కుచెదరకుండా కొత్త వర్షన్‌లోకి వచ్చింది.