గైడెన్స్ గారికి, గురువారం సెలవు పెట్టినవాడు రాయునది

మహారాజశ్రీ గైడెన్స్ గారికి,

వచ్చే మూడు నెలల అమ్మకాలెంతో కంపెనీల నోట ముందే పలికించే మీకు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మీ వాటాదారుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, ఉభయుల్లో ఒకరు నిన్నటి నుంచి పదిహేడు శాతం తక్కువ కుశలంగా ఉన్నారు.

నిన్న ఆఫీసులో డెంటిస్టు దగ్గరికని చెప్పి ఇంటికొచ్చాను. (పన్ను పీకినట్టే అయింది కనక పూర్తి అబద్ధం కాదు.) ఒంటిగంటకు మార్కెట్ మూశారు. అయిదు నిమిషాల్లో మా చిప్పుల కంపెనీ ఫలితాలొచ్చాయి. పేరు చెప్పను, ఇంకా మూడు వందల షేర్లున్నాయి. అమ్మకాలు అనుకున్నదానికంటే ఎక్కువ, లాభమూ ఎక్కువ. షేరు నాలుగు శాతం లేచింది. వంటింటి గట్టుకు క్వార్ట్జ్ వేయిద్దామని మా ఆవిడతో అనేశాను.

రెండింటికి, కంపెనీ పెద్దలు షేర్లను అంచనా వేసే అనలిస్టులతో మాట్లాడే కాల్ మొదలైంది. వచ్చే మూడు నెలల గురించి మీరు నోరు విప్పారు.

వేలమంది మూడు నెలలు చేసిన పనికి దక్కిన ఆయుష్షు గంట. ఇంకా పుట్టని మూడు నెలల గురించి మీరన్న ఒక్క వాక్యానికి పదిహేడు శాతం. షేరు అలా జారుతుండగానే అనలిస్టులు వరసగా 'మంచి క్వార్టర్, కంగ్రాట్స్' అంటూ ప్రశ్నలు మొదలుపెట్టారు. చావింట్లో భోజనం బాగుందన్నట్టు.

ఇంతకీ కారణం? ఖాతాదారుల దగ్గర సరుకు ఇంకా 'డైజెస్ట్' అవుతోందట.

ఏమండీ, ఈ అజీర్తి ఎన్నేళ్ళు? 2021లో చిప్పులు దొరక్క కార్ల ఫ్యాక్టరీలు ఆగినప్పుడు, మళ్ళీ దొరుకుతాయో లేదోనని అందరూ ఒకటికి రెండు ఆర్డర్లు పెట్టారు. పెళ్ళి బంతిలో గారెలు అయిపోతాయేమోనని ముందే నాలుగు వేయించుకున్నట్టు. వడ్డించింది మీరే కదా! అప్పుడు దాన్ని 'బలమైన డిమాండ్' అన్నారు. రద్దు చేయడానికి వీల్లేని ఆర్డర్లన్నారు. గిడ్డంగులు నిండాక అజీర్తి అన్నారు. వచ్చే క్వార్టరుకి తగ్గుతుందన్నారు. ఆ క్వార్టరు వచ్చాక 'సెకండాఫ్‌లో' అన్నారు. ఏ సంవత్సరం సెకండాఫో ఒక్క అనలిస్టూ అడగలేదు. మా అమ్మమ్మయితే వాము నమిలించి సాయంత్రానికి తేల్చేసేది.

ఇంక 'మీరు' అనడం నా వల్ల కాదు.

ఉగాదినాడు సిద్ధాంతి గారు ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అన్నాడంటే ఏడాదంతా ఆ మాట మీదే ఉంటాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి 'ఆదాయం ఒకటిన్నర, సవరించాం' అనడు. నువ్వు అంటావు. 2018 నవంబరులో ఎన్విడియా నోట క్వార్టరు అమ్మకాలు 2.7 బిలియన్ డాలర్లని పలికించి, మూడు నెలలు తిరక్కుండా 2.2 చేశావు. షేరు ఒక్కరోజులో దాదాపు 14 శాతం పోయింది. 2000 సెప్టెంబరులో యూరప్‌లో గిరాకీ తగ్గిందని ఇంటెల్ ఒక్క ముక్క అంటే 22 శాతం. 2024 ఆగస్టులో అదే ఇంటెల్‌కు 26 శాతం. 1992 నుంచి ఇస్తున్న డివిడెండూ ఆగింది, పదిహేను వేల ఉద్యోగాలకూ ఎసరొచ్చింది. పోనీ పెంచి చెబితే ఊరుకున్నావా? ఆ నెలాఖరులోనే ఎన్విడియా 32.5 బిలియన్లంది. అనలిస్టుల సగటు అంచనాను దాటిన మాటే. అంతకుమించి ఊహించుకున్నవాళ్ళు నొచ్చుకున్నారు, ఆరు శాతం పైగా పడింది.

మాట తప్పితే నిన్ను అడిగేవాడూ లేడు. 'ఇప్పుడు చెప్పేవి భవిష్యత్తు మాటలు, నిజం కాకపోవచ్చు' అని ముందే చదివించేస్తావు, 1995 నాటి అమెరికా చట్టం గొడుగు పడుతుంది. పెళ్ళిళ్ళ పేరయ్యకు కూడా ఈ సౌకర్యం లేదురా!

చిప్పుకీ చిప్పకీ ముడిపెట్టే జోకు మా బావమరిది రాత్రే వాట్సాప్‌లో వేసేశాడు కనక ఇది చదివేవాళ్ళెవరూ శ్రమపడక్కర్లేదు. వాడికి శంకరపల్లిలో స్థలం ఉంది. "అది మూడు నెలలకోసారి ఫోన్ చేసి నా భవిష్యత్తేం బాలేదని చెప్పదు కదా బావా" అన్నాడు. జవాబు తోచక రెండు నీలం టిక్కులతో వదిలేశాను.

మళ్ళీ ఫలితాలొచ్చే జనవరి చివరి గురువారం మధ్యాహ్నం ఆఫీసు క్యాలెండరులో బ్లాక్ చేశాను. ఈసారి రూట్ కెనాల్ అని రాశాను.

ఇట్లు,
నీ వాటాదారుడు

తా.క.: పైన మూడు వందల షేర్లన్నాను. పొద్దున ఇంకో ఇరవై కొన్నాను, కొన్న ధర యావరేజ్ చేసి తగ్గిద్దామని. మా ఆవిడకు చెప్పకు.